ఐస్ పెట్టెలో మాయమైన క్రిమి

పిల్లల డాక్టరమ్మ వారం వారం దగ్గు పిల్లల గొంతులోంచి తీసిన నమూనాలను ఐస్ పెట్టెలో సర్ది, సముద్రాల అవతలి పరిశోధనశాలకు పంపేది. అక్కడి ప్రొఫెసర్ వాటిలోని క్రిములను పెంచి చూసి ఫలితాలు పంపేవాడు. ఏళ్ళ తరబడి వ్యవహారం అలాగే నడిచింది.

ఒకరోజు మనవడి మందు కోసం ఆసుపత్రికి వచ్చిన అత్తగారు ఆ పెట్టె చూసి ఆగిపోయింది.

"అంత దూరం పంపి ఏం చూస్తారే అందులో?"

"దగ్గు ఏ క్రిమి వల్లొచ్చిందో చూస్తారు అత్తయ్యా."

"వంట మనం చేసి, ఉప్పు సరిపోయిందా అని వాళ్ళనడగడమేంటే? నువ్వు చూడలేవూ?"

డాక్టరమ్మ నవ్వేసింది గానీ, ఆ మాట తొలుస్తూనే ఉంది. అవును, ఎందుకు చూడకూడదు? వీడియో కాల్‌లో ప్రొఫెసర్‌నే అడిగేసింది.

"మీ దగ్గర సదుపాయాల్లేవు కదండీ," అన్నాడాయన.

"ఉంటే?"

"నిజం చెప్పొద్దూ, నాకా ఆలోచనే రాలేదు."

ఇక్కడ సదుపాయాలు పెట్టడానికి ఆయన పైవాళ్ళు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "ప్రతి నమూనాలో సగం ఇక్కడే చూస్తాం. కాదంటే ఏదీ పంపం," అని డాక్టరమ్మ భీష్మించుకుని కూర్చుంది. ప్రొఫెసర్ ఆమె పక్షాన నిలబడి పోట్లాడాడు. ఎట్టకేలకు క్రిములను పెంచే ఇంక్యుబేటర్ వచ్చింది.

తొలి ఫలితాలకు ఇద్దరూ తెల్లబోయారు. ఇక్కడి గాజు పళ్ళేల్లో దండిగా పెరిగిన ఒక క్రిమికి అక్కడ జాడైనా లేదు. తప్పు తనదేమోనని డాక్టరమ్మ మళ్ళీ చేసింది. తనదేమోనని ఆయనా మళ్ళీ చేశాడు. ఊహూఁ, అదే తేడా. ఉండబట్టలేక ప్రొఫెసర్ విమానమెక్కి వచ్చేశాడు.

ఒక నమూనాను రెండు చేసి, ఒక భాగాన్ని వెంటనే పెంచారు. రెండోదాన్ని ప్రయాణానికి పట్టేంత కాలం ఐస్‌లో ఉంచి పెంచారు. రెండో పళ్ళెం ఖాళీ! క్రిమి దారిలోనే చలికి చస్తోందన్నమాట.

"అయితే మేం ఇన్నాళ్ళూ రాసిందంతా..." ప్రొఫెసర్ తల పట్టుకున్నాడు.

"దిద్దుకుందాం లెండి, ఇద్దరం కలిసే," అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రమే కొత్త ఒప్పందానికి కూర్చున్నారు. నమూనాలు ఇక్కడే పెరగాలి. ఏం వెతకాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి.

"మరి మొదటి ప్రశ్న ఏంటి?" అన్నాడాయన.

"ఒకే మంచం మీద పడుకునే అన్నదమ్ముల్లో ఈ క్రిమి ఒకణ్ణి పట్టుకుని, ఇంకొకణ్ణి ఎందుకు వదిలేస్తుందంటారు?"

ప్రొఫెసర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "తెలీదండీ."

"నాకూ తెలీదు," అంది డాక్టరమ్మ హుషారుగా.