కబడ్డీ కోర్టులో నారు

ఆ రోజు మా ఇంట్లో అమ్మ పెంచలమ్మ, అక్క భానుప్రియ, నేను, అక్క చదివే కాలేజీ ప్రిన్సిపాల్ గంగాధరం గారు, నరేంద్రబాబు గారు ఉన్నాం. గడప దగ్గర నాట్ల ముఠా మేస్త్రి రెబెక్కమ్మ బురదకాళ్లతో కూర్చుంది.

నరేంద్రబాబు గారి మడుల్లోనే అమ్మ ముఠా నాట్లు వేస్తుంది. ఆయన కొడుకు సుకుమార్ కాలేజీ కబడ్డీ కెప్టెన్. అక్క ఆడపిల్లల జట్టులో ఆడుతుంది. ప్రాక్టీసయ్యాక, జెర్సీలుండే గదిలో గడియ పెట్టి వాడు అక్కను చెరిచాడు. ఇద్దరు ఆటగాళ్లు బయట కాపలా కాశారు. అక్క స్టేషనులో ఫిర్యాదు ఇచ్చింది. పోలీసులు ఇటు తిరిగి చూడలేదు.

"రేపు ఫైనల్సమ్మా. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి," అన్నాడు ప్రిన్సిపాల్.

"పిలకాయలు. తెలీక చేసినారు," అన్నాడు నరేంద్రబాబు.

"తెలీకనే గడియ పెట్టినాడా?" అంది అక్క.

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "రేపట్నుంచి నా మడిలో కాలు పెట్టబాక."

రెబెక్కమ్మ లేచింది. "ముఠాలో ఒకర్ని పొమ్మంటే అందరం పోతాం సామీ. అది మా కట్టు. నారు పీకి గట్టున పెట్టినాం. మీ కెప్టెన్ని వొంగి నాటమనండి."

వాళ్లు విసురుగా వెళ్లిపోయారు. సాయంత్రం ముఠా అంతా మా వాకిట్లో చేరింది.

"కూలి పోతే ఏం తింటాం మే? నారు కూడా వాడిపోతాది," అంది ఉషారాణి.

"వాడనీయకూడదు," అంది అక్క. "ఫైనల్సుకని కాలేజీలో కబడ్డీ కోర్టు మెత్తగా తవ్వి తడిపినారు."

 రెబెక్కమ్మ పగలబడి నవ్వింది.

పొద్దున్నే నారుకట్టలు నెత్తిన పెట్టుకుని కాలేజీ కోర్టుకు నడిచాం. పైపుతో నీళ్లు వదిలి, చీరలు ఎగ్గట్టి, ముఠావాళ్లు వరసగా వంగి నాటారు. అక్క జట్టు పిల్లలు బూట్లు విప్పి బురదలోకి దిగారు. సుకుమార్ గీత అవతల నిలబడి బూతులు తిట్టాడు.

"రా అబ్బయా, కూతకు రా," అని పిలిచింది రెబెక్కమ్మ. "ఈడ గడియ లేదు."

వాడు గీత దాటలేదు.

మా అక్క కోసం రాని పోలీసులు మట్టి కోసం పరుగున వచ్చారు. రెబెక్కమ్మను, అమ్మను, అక్కను వ్యాన్లోకి తోశారు. నలుగురిలో నోరెత్తని నేను అరిచాను. "నన్నూ ఎక్కించండి! వాడు అక్కడే ఉన్నాడు, వాణ్ణి పట్టుకోండి!"

"చిన్నపిల్లవి, ఇంటికి పో," అంది కానిస్టేబులమ్మ.

"ఇంటికి పోబాక మే!" లోపలి నుంచి అమ్మ. "నారు ఇంకా ఉండాది!"

వెనక ఆడపిల్లలు నాటుతూనే ఉన్నారు. నా చేతిలో నారుకట్ట ఉంది. కానిస్టేబులమ్మ నా మొహం మీదే వ్యాను తలుపు వేసింది.