కోపం పెట్టడం

పళ్ళు తోమడం సగమైంది. కింది వరస అయిపోయింది, పై వరస మిగిలింది. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన పీట వేసుకుని, ఆమె పాత టూత్‌బ్రష్‌తో సొరచేప దవడను రుద్దుతోంది. ఒళ్ళో ఇమిడే దవడ కాదది. పసిపిల్లను అందులోంచి ఇటు నుంచి అటు అందివ్వచ్చు. పొద్దున లేచి తన పళ్ళు తోముకోవడం, ఆ తర్వాత చేప పళ్ళు తోమడం, కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

"నా పళ్ళను ఇంత శ్రద్ధగా చూసుకునుంటే ఈపాటికి నాలుగైనా మిగిలేవి," అన్నాడు మామయ్య గడప మీద కూర్చుని.

"మీ పళ్ళు గోడకు తగిలించుకుంటామని ఎవరూ రాలేదు కదా మామయ్యా."

ముసలాయన బోసినోరు తెరిచి నవ్వాడు.

ఈ పని ఆయనదే. ఆమె కాపురానికి వచ్చేనాటికే చేతులు వణకడం మొదలవడంతో కోడలికి నేర్పాడు. కొడుకు బోటు నడుపుతాడు. రేవులో అందరూ అతన్ని సరంగు అనే పిలుస్తారు. సరదాకి వేటాడే పెద్దమనుషుల్ని సముద్రం మీదికి తీసుకెళ్ళడం, గాలానికి సొరచేప తగిలితే అది అలిసి సొమ్మసిల్లేదాకా లాగించడం, ఒడ్డుకు తెచ్చి తలకిందులుగా వేలాడదీసి పక్కన వాళ్ళను నిలబెట్టి ఫోటో తీయించడం, ఆనక ఆ వేటను కథగా చెప్పడం అతని పని. సరంగు చెబితే చచ్చిన చేప కూడా తోక ఆడిస్తుందని రేవులో అనుకుంటారు. ఫోటో అయ్యాక తల ఇంటికొస్తుంది. మిగతాది ఎవరికీ అక్కర్లేదు.

తల నుంచి దవడ విప్పి, మాంసం గీకి, నానబెట్టి, తోమి, చివర్న కోపం పెట్టాలి. ఆ మాట ఆ ఇంటిదే, బయట ఎవరికీ తెలియదు. సొరచేపకు ఎముకలుండవు. దాని దవడ మన చెవిలాగా వంగుతుంది. పచ్చిగా ఉండగానే కర్రపుల్లలు అడ్డంపెట్టి, నోరు బార్లా తెరిపించి ఎండబెడితే ఇక ఆ నోరు మూతపడదు. బతికుండగా ఆ చేప అంత నోరు ఎప్పుడైనా తెరిచిందా అని ఎవరూ అడగరు. కోపం లేని దవడ గోడకెక్కదంటాడు మామయ్య.

ఈ దవడ టోపీ సారుది. ఎండలోనైనా నీడలోనైనా టోపీ తీయడు గనక ఆయనకా పేరు. ఈసారి వేటకొచ్చినవాళ్ళు వేసుకున్న పందెంలో అందరికంటే పెద్ద చేప ఆయన గాలానికే పడింది. సొరచేపల్లో బాగా పెద్దవి ఆడవే అయి ఉంటాయని ఆమెకు తెలుసు. తెలిసినా ఆలోచించకుండా ఉండడం అలవాటైంది.

పై వరస ఎడమ మూలలో బ్రష్ దేనికో తట్టుకుంది. అక్కడి కండ గట్టిపడి ముడిలా ఉంది. కత్తిమొనతో చీల్చి చూసింది. లోపల తుప్పు పట్టిన గాలం. దాని మెడకు రాగితీగ చుట్టి, కొసను వెనక్కి మడిచి చుట్ట కిందికి దోపి ఉంది. అలా కొస దోపేవాడు రేవులో ఒక్కడే. ఆమె జడ చివర రిబ్బను దోపుకోవడం చూసి నేర్చుకున్నానని పెళ్ళైన కొత్తలో అతనే చెప్పాడు.

ఆమె కత్తి పక్కన పెట్టి గాలాన్ని అరచేతిలోకి తీసుకుంది.

రెండేళ్ళ కిందట ఆరో నెలలో ఆమెకు కడుపు పోయింది. గోడవైపు తిరిగి పడుకుని, ఎవరు పిలిచినా పలికేది కాదు, తిండి ముట్టేది కాదు. ఒకరోజు అతను తడిబట్టలతోనే వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. "ఇవాళ ఒకదాన్ని వదిలేశానే. పెద్దది. వీపు మీది రెక్క సగం తెగి ఉంది. కడుపుతో ఉంది. బోటు పక్కకొచ్చి నావంకే చూసింది. వాళ్ళు అరుస్తున్నా వినకుండా నా చేత్తో గాలం తీసేశాను." అరచేయి అడ్డంగా కోసుకుపోయి ఉంది. ఆమె లేచి ఆ చేతికి కట్టు కట్టింది. ఆ పూట రెండు ముద్దలు తింది. ఎక్కడో నీళ్ళలో అది పిల్లల్ని కని ఉంటుందన్న ఊహ ఆమెకు ఆసరా అయింది. ఆ తర్వాత ఎన్ని తలలు ఇంటికొచ్చినా, ఆ ఒక్కదాన్ని తలుచుకునే తోమింది.

చేత్తో తీసేసిన గాలం దవడలో ఎందుకుంటుంది?

గాలాన్ని అంటుకుని వేలెడు ఉక్కుతీగ ఉంది. పట్టకారుతో కత్తిరించిన తీగ మొండిగా ఉంటుంది. ఇది పోగులు పోగులుగా విడిపోయి, ఒక్కో పోగూ సన్నగా సాగి ఉంది. లాగగా లాగగా తెగిన తీగ.

మధ్యాహ్నం అతను భోజనానికి కూర్చోగానే గాలాన్ని కంచం పక్కన పెట్టింది. అతను దాన్ని ఎడంచేత్తో ఎత్తి చూశాడు.

"ఎక్కడిదిది?"

"నీకే తెలియాలి. దీని వీపు రెక్క ఎలా ఉంది?"

అతను గాలాన్ని మళ్ళీ కంచం పక్కన పెట్టాడు. "సగం తెగి ఉంది."

"అంటే అదే."

"అదే."

"చేత్తో తీశానన్నావు."

"తీగ తెగిందే. నా చెయ్యి కోసుకుంటూ పోయింది." నీళ్ళు తాగాడు. "నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. తెగిపోయిందని చెబితే లేచేదానివా?"

లేచిన మాట నిజమే.

"మొన్న పట్టినప్పుడు కడుపుతో ఉందా?"

"ఇప్పుడు ఎందుకే అవన్నీ..."

"ఉందా, లేదా?"

"అప్పుడు చెప్పినట్టు ఇప్పుడూ ఏదో ఒకటి చెప్పమంటావా?"

ఆమెకు తెలియాల్సింది తెలిసింది.

"నేను కాదంటే పక్క బోటువాడు తీసుకెళ్తాడు వాళ్ళను," అన్నాడతను, ఎవరూ అడగకుండానే.

"నేనూ అదే అనేవాణ్ణిరా," అన్నాడు మామయ్య గోడకు చేరగిలబడి. "పక్క బోటువాడూ మనల్ని చూపించి అదే అనేవాడు. మా నాన్న కూడా చంపాడు. తిండికి చంపితే ఆకలి తీరేది."

"మరి దీనికి ఏం తీరుతుంది మామయ్యా?"

"సరదా తీరుతుందమ్మా," అని ఆయన తన వణికే చేతుల్ని చూసుకున్నాడు. "తీరదు కూడా. మళ్ళీ వస్తారుగా."

ఆ సాయంత్రం దవడను ఆరబెట్టేటప్పుడు ఆమె కర్రపుల్లల కట్ట విప్పలేదు. పై దవడనూ కింది దవడనూ దగ్గరికి చేర్చి, గుడ్డపీలికతో మెత్తగా కట్టింది. మర్నాడు మామయ్య కర్ర ఊతంతో వచ్చి చూశాడు.

"కోపం పెట్టలేదేమ్మా?"

"దానికి కోపం రాలేదు మామయ్యా."

ఆయన దవడను చూశాడు, పైన కాస్తున్న ఎండను చూశాడు. ఇంకొక్క పూట దాటితే ఎవరూ ఏమీ చేయలేరని ఆయనకు తెలుసు. కొడుకును మాత్రం పిలవలేదు.

దవడ పూర్తిగా ఆరాక టోపీ సారు తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. మూసుకున్న పెదవుల్లా ఉంది దవడ. పళ్ళ కొసలు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఇదేంటమ్మా, నిద్రపోతున్నట్టుంది!" అన్నాడు టోపీ సారు. "నన్ను మింగబోయింది ఇదేనా? కొంచెం తెరవండి దాన్ని."

"ఎండిపోయింది సార్. ఇప్పుడు తెరిస్తే విరుగుతుంది."

"చివరికి నాకే టోపీ పెట్టారన్నమాట!" అన్నాడాయన. స్నేహితుడు పకపకా నవ్వాడు. టోపీ సారు నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని గుమ్మం వైపు తిరిగాడు. సరంగు అక్కడ తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"సరేనయ్యా, చూడ్డానికి లేకపోతే వినడానికైనా ఉండాలి. మావాడికి ఆ కథ చెప్పు. బోటు మీదికి ఎలా ఎగిరిందో, నా చెయ్యి ఎలా తప్పిందో. నువ్వు చెబితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది."

అది ఎగరలేదు. తల ఇంటికొచ్చిన రోజు సరంగే అన్నాడు, ఈసారిది పెద్దగా పెనుగులాడలేదని.

అతను గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. ఆమె బల్ల అవతల నిలబడి ఉంది. కోప్పడలేదు, తల తిప్పుకోలేదు. అప్పుడు మంచం మీద నుంచి విన్నట్టే, అతను ఏం చెబుతాడా అని చూస్తోంది.

అతని నోరు మెల్లగా మూసుకుంది.

"ఏమయ్యా, మర్చిపోయావా?" అన్నాడు టోపీ సారు.

సరంగు చెప్పుల కోసం కాలితో వెతికాడు. ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. దొరికినదాన్నీ అక్కడే వదిలేసి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా, ఉత్త కాళ్ళతో ఎండలోకి వెళ్ళిపోయాడు.