నీళ్ల ట్యాంకు మీది కడ్డీ

హారిస్‌కు ఏ వస్తువైనా పొడుగును బట్టే నచ్చుతది. భైంసాల ఉన్న తమ జిన్నింగ్ మిల్లుకు వైఫై పెట్టుమని తండ్రి అజీముద్దీన్ చెప్పంగనే, హైదరాబాద్ పోయి మనిషెత్తు యాంటెన్నా కొనుక్కచ్చిండు. తెల్లటి కడ్డీ. దాన్ని భుజమ్మీద పెట్టుకొని మిల్లంతా ఒక చక్కరు కొట్టిండు, ఊరేగింపు లెక్క.

మిల్లుకు కావాల్సింది చిన్న పని. గేటు కాడ వేబ్రిడ్జి మీదికి పత్తి ట్రాక్టరు ఎక్కితే, ఆ తూకం లోపల ఆఫీసు కంప్యూటర్ల పడాలె. ఆఫీసోళ్ల ఫోన్లకు నెట్టు రావాలె. అంతే.

ఆ కంప్యూటర్లు చూసేది తహసీన్, అజీముద్దీన్ వాళ్ల అన్న బిడ్డ. నెట్‌వర్కింగ్ చదివి వచ్చింది. కడ్డీని చూడంగనే ఆమెకు నవ్వొచ్చింది. దాచుకోలే.

"చిచ్చా, గిది దూరం ఊర్లకు పంచేది. సిగ్నల్ చుట్టూ అడ్డంగ పోతది, కిందికి దిగదు. మన ఆఫీసు మీదనేమో ఇనుప రేకులు. లోపలికి సీలింగుకు చిన్నది పెడదాం. బయటికి పలక లాంటిది ఉంటది, గోడకు బిగించి గేటు దిక్కు తిప్పుదాం."

అజీముద్దీన్ తన కొడుకు మొఖం చూసిండు.

"ఎత్తుల పెడితే అన్నిటికీ అందుతది అబ్బా," అన్నడు హారిస్. "గింత సైజు ఉంది, దీనికి అందనిదేముంటది?"

"సైజు చూసి కొననీకి గదేమన్న చొక్కానా?"

"పోనియ్ బేటా, తెచ్చిండు గదా," అని అజీముద్దీన్ లేచిపోయిండు.

కడ్డీ నీళ్ల ట్యాంకు మీదికెక్కింది. పత్తి కొనుడు మొదలైంది. రోడ్డవతల దూరంగ ఉన్న చాయ్ హోటల్ల కూసున్నోళ్లకు సిగ్నల్ మస్తు వచ్చింది. రేకుల కింద ఆఫీసుకు రాలే. ట్యాంకు నీడల ఉన్న వేబ్రిడ్జి గదికి గూడ రాలే. హారిస్ రెండు సార్లు ట్యాంకు ఎక్కి, కడ్డీని జర వంచి, దిగి, ఫోన్ల వీడియోలు చూసుకుంట నిలవడ్డడు. ట్రాక్టర్ల వరుస రోడ్డు దాకా పోయింది.

అన్నిటికన్న ముందున్న ట్రాక్టరు పత్తి రైతు సత్తమ్మది. పొద్దటి నుంచి ఎండల ఉంది.

"ఏమైంది, ఎందుకు రాస్తలేరు?"

"సిగ్నల్ లేదమ్మా," అన్నడు హారిస్. "సిస్టంల పడకుంటే బిల్లు రాదు."

సత్తమ్మ వేబ్రిడ్జి దిక్కు చెయ్యి చూపించింది. "అంకె గాడ ఎర్రగ మెరుస్తుంది. నాకు కనవడుతుంది. నీకు కండ్లు లేవా, చెయ్యి లేదా రాయనీకి?"

హారిస్ ఏదో అనబోయిండు. ఆమె వినలే. ట్రాక్టరు తిప్పిచ్చి ఇంకో మిల్లుకు పోయింది. ఆమె ఎన్క ఉన్నోళ్లు గూడ ఒక్కొక్కరే తిప్పిన్రు.

అజీముద్దీన్ పరేషాన్ అయ్యి తహసీన్ కాడికి వచ్చిండు. "నువ్వన్నట్టే చెయ్ బేటా."

ఆమె నిర్మల్ పోయి సామాను తెచ్చింది. మిల్లు ఎలక్ట్రీషియన్ గోపాల్ నిచ్చెనెక్కి గోడకు పలక బిగించి గేటు దిక్కు తిప్పిండు, ఆఫీసు లోపల సీలింగుకు చిన్నది పెట్టిండు. తూకం ఆఫీసుల పడ్డది. ఎవ్వలూ చప్పట్లు కొట్టలే, కొట్టేంత పని గూడ కాదది.

కొన్ని దినాలకు నిర్మల్ నుంచి చుట్టమొకాయన మిల్లు చూడ వచ్చిండు. హారిస్ ఆయనను గోడ కాడికి తీస్కపోయిండు.

"బయటికి పలకనే పెట్టాలె, లోపలికి చిన్నది. నేను మొదట్నుంచి గిదే చెప్తున్న."

పక్కన అజీముద్దీన్ మెల్లగ తలూపిండు.

తహసీన్ ఆ తలూపుడు చూసింది. ఇన్ని దినాలు హారిస్ అంటేనే ఆమెకు చులకన. వానికైతే తెలువనే తెలువదు. గీయనకు అన్నీ తెలుసు, తెలిసే ఊపుతుండు. సత్తమ్మను ఎండల నిలవెట్టింది కడ్డీ కాదు, గీ తలకాయ.

"చూసినవా బేటా, నిర్మల్ల వీళ్ల గోదాముకు గూడ గిట్లనే కావాల్నట," అన్నడు అజీముద్దీన్ ఆమె దిక్కు తిరిగి. "నువ్వు జర పోయి పెట్టి రా."

"మొదట్నుంచి తెలిసినోడు పక్కనే ఉండంగ నన్నెందుకు అడుగుతున్నవు చిచ్చా?"

చుట్టం అది మర్యాద అనుకొని హారిస్ భుజం తట్టిండు. అజీముద్దీన్‌కు మాత్రం సమజైంది. ఆయన నోరు తెరిచేలోపు తహసీన్ ఆఫీసు లోపలికి పోయి తలుపేసుకుంది.