మూతకి చోటు

పొద్దున్నే ఆఫీసుకి రాగానే అందరూ చేసే పని ఒకటే. ఫోన్లు టేబుల్ మీద పెట్టి, గాజుగదిలోకి వెళ్ళి, మేనేజరు చెప్పింది విని, బయటికొచ్చి, ఏం విన్నామో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకోవడం. ఆ గదిలో అన్న మాట గడప దాటేది కాదు. గోడమీద బోర్డు దానంతటదే తుడుచుకుపోయేది, మనుషుల బుర్రలూ అంతే. దాని గురించి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు గానీ, లోపల ఏసీ మరీ చల్లగా ఉందని మాత్రం గొణుక్కునేవాళ్ళు. అసలు పనులెలాగూ మెయిల్లో వచ్చేవి. జీతాలు పెంచుతానన్న మాటలకి మాత్రం ఆ గది భలే అనువుగా ఉండేది. ఫోన్లు బయట వదలాలన్నది మేనేజరు పెట్టిన రూలు.

మిరపకాయకి ఆ గదంటేనే ఒళ్ళుమంట. ఆమె కోపం చూసి ఆఫీసంతా కలిసి పెట్టుకున్న పేరది. ఆసుపత్రుల్లో రక్తం సీసాలకి అంటించే లేబుళ్ళు అచ్చేసే ప్రోగ్రాం వాళ్ళది, సీ భాషలో రాసింది. రోగి పేరు, వయసు, వార్డు ఒకదాని వెనక ఒకటి అతికించి ఒకే వరుసగా కట్టే ముక్క ఒకటి అందులో ఉంది. దాన్ని రాసింది మేనేజరే. అందులో పెద్ద తప్పే చేశాడు. ప్రోగ్రాంలో ఏ ముక్కకైనా పని చేస్తున్నంతసేపే స్టాక్ అనే తాత్కాలిక జాగాలో కాస్త చోటు దొరుకుతుంది. పని అవగానే ఆ చోటు వెనకొచ్చేవాళ్ళది. ఈ మహానుభావుడు పేరంతా ఆ చోట్లోనే కట్టి, "అదిగో, అక్కడుంది, తీసుకోండి" అని చిరునామా బయటికిచ్చేశాడు. వెళ్ళి చూస్తే ఒక్కోసారి పేరు ఉంటుంది. ఒక్కోసారి సగం పేరుకి ఇంకెవరి తోకో అతుక్కుని ఉంటుంది.

ఆ వారం అదే జరిగింది. ఒక ముసలాయన పేరు పక్క వార్డు మనిషికి తెచ్చిన రక్తం మీద పడింది. ఆయనకి సరిపడని రక్తం ఎక్కించబోతుంటే నర్సుకి అనుమానమొచ్చి ఆపింది. ఆపకపోతే ఆయన లేడు. విచారణ అన్నారు. తీరా చూస్తే ఆ ప్రోగ్రాం ఫైలు పైన రాసినవారి పేరు మిరపకాయది! ఎప్పుడు మార్చాడో ఏమో, మేనేజరు చడీచప్పుడు లేకుండా మార్చేసి, ఈమెని ఉద్యోగంలోంచి తీసేయాలని పైవాళ్ళకి చెప్పేశాడు కూడా.

మిరపకాయ కుతకుతలాడిపోయింది. ఆ తప్పు చెప్పడానికే తను ఒకసారి గాజుగదిలోకి వెళ్ళింది. బయటికొచ్చాక ఆ ముక్కని ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదు? వాడే వద్దని ఉంటాడు. కానీ ఒట్టేసి చెప్పలేకపోయింది.

ఆ కసితోనే కూర్చుని తప్పు సరిదిద్దింది. పేరు అడిగేవాళ్ళే తమ చోటు తెచ్చి ఇవ్వాలి. అది ఎంతదో ముందే చెప్పాలి. పేరు చివర, ఇక్కడితో అయిపోయిందనే గుర్తుకి ఒక గడి వదలాలి. అది రాస్తూ రాస్తూ పక్కనున్న లంచ్ బాక్స్ వైపు చూసింది. ఆ గదిలోకీ మన చోటు మనమే పట్టుకెళితే?

మర్నాడు ఖాళీ బాక్స్ ఒళ్ళో పెట్టుకుని గాజుగదిలో కూర్చుంది. మేనేజరు ఉపన్యాసానికి అది ఏ మూలకి? మాటలు పొంగిపొర్లి పక్కనున్న నీళ్ళసీసాలో పడ్డాయి. ఇంటికొచ్చాక ఆ నీళ్ళు తాగిన అక్క "స్టవ్ కట్టెయ్యవే" అనబోయి, "మనమంతా ఒకే కుటుంబం" అనేసింది.

"ఛీ, ఏం తెచ్చావే సీసాలో?" అక్క నోరు పుక్కిలించి, సంగతి విని, అటకమీంచి పెద్ద స్టీలు డబ్బా దించింది. "ఇది పట్టుకెళ్ళు. పీకలదాకా నింపకు, మూత పట్టేంత చోటుంచు."

విచారణ రోజు పొద్దున మిరపకాయ ఆ డబ్బాతో గాజుగదిలోకి, మేనేజరు దగ్గరికి వెళ్ళింది. బయటికొచ్చేసరికి ఏం మాట్లాడుకున్నారో గుర్తులేదు. డబ్బా మాత్రం బరువెక్కింది.

విచారణ కంపెనీ డైరెక్టరమ్మ గదిలో జరిగింది. తలుపు తీసే ఉంది. "ఈవిడ నాకేమీ చెప్పినట్టు గుర్తులేదు మేడమ్," అన్నాడు మేనేజరు. అదొక్కటీ నిజమే. మిరపకాయ డబ్బా టేబుల్ మీద పెట్టి మూత తీసింది.

"రాసింది నేనే," అంది లోపల్నుంచి మేనేజరు గొంతు, తీరిగ్గా. "నువ్వు ముందే చెప్పే ఉంటావ్, నోర్మూసుకోమని నేను అనే ఉంటాను. ఫైలు పైన నీ పేరు పెట్టా. ఏం చేస్తావ్? గడప దాటితే నీకే గుర్తుండదు."

వెంటనే ఆమె గొంతే, ఆమెకి గుర్తులేని కేక. "ఆ పెద్దాయన చచ్చిపోయుంటే?"

"చచ్చిపోలేదుగా!" అని నవ్వు. అక్కడితో డబ్బా ఆగింది.

డైరెక్టరమ్మ మొహం మాడిపోయింది. మూత పెట్టేసి లేచింది. "ఇవన్నీ ఇక్కడెందుకు? పదండి, గాజుగదిలో కూర్చుని మాట్లాడుకుందాం."

మిరపకాయ డబ్బా చంకనెత్తుకుంది. "పదండి మేడమ్. దీంట్లో ఇంకా సగం ఖాళీయే."

తలుపు బయట కుర్చీలు కదిలిన చప్పుడైంది. అంతవరకూ తలొంచుకుని పని చేసుకుంటున్న వాళ్ళంతా లంచ్ బాక్సులు కడిగి, మూతలు తీసి చేతబట్టుకుని వచ్చి నిలబడ్డారు.

డైరెక్టరమ్మ వాళ్ళని చూసింది. మళ్ళీ కూర్చుంది. చెప్పాల్సిందంతా అక్కడే, అందరికీ వినబడేలా చెప్పింది. ఉద్యోగం పోయిన మేనేజరు తన ఫోను తీసుకుని వెళ్ళిపోయాడు.

మిరపకాయ కోపం ఇంకా చల్లారలేదు. ఆ కోపంతోనే సరిదిద్దిన ప్రోగ్రాం ఆసుపత్రికి పంపింది. సాయంత్రం ముసలాయన సీసామీద ఆయన పేరు పూర్తిగా పడింది, ఆయన పేరు దగ్గరే ఆగింది.