లేచేదాకా చప్పట్లు

నాచారం చౌరస్తాలో మా అన్న ఫొటో కట్టారన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. "గా ఉపాసం పిల్లగాడు గదా," అని ఒకామె కిటికీలోంచి పక్కనున్నామెకు చూపిస్తోంది. ఆ పిల్లగాడి చెల్లెలు తన వెనక సీట్లోనే ఉందని ఆమెకేం తెలుసు? ఉప్పల్‌లో ల్యాబు రిసెప్షన్‌లో పొద్దంతా నవ్వి నవ్వి అలిసిపోయిన మొహంతో నేనూ వంగి చూశాను.

ఫ్లెక్సీ పెద్దదే. మధ్యలో ఉమామహేశ్వర్ సార్, మెడలో విజిల్, చేతిలో కప్పు. మా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్. రిటైరై హన్మకొండ వెళ్ళిపోతున్నారు, ఎల్లుండి వీడ్కోలు సభ. ఆయన చుట్టూ గుండ్రాల్లో ఆయన దగ్గర ఆడి పైకొచ్చిన వాళ్ళు. అందరికన్నా కింద, మూలన, మా టిమోతి. తల వెనక వెలుగొకటి పెట్టారు. కింద ఇలా రాశారు: "ఉపవాసంతో ఆడి ఊపిరి వదిలిన వీరుడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే మా అన్న ఆ రోజు ఉపవాసం లేడు. పొద్దున్నే రెండోసారి కూడా అన్నం అడిగి పెట్టించుకుని తిన్నాడు. ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాల్లో శుక్రవారం కాబట్టి మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన దాకా ఎవరమూ ముద్ద ముట్టం. కానీ ఆ రోజు ఫైనల్. "దేవునితోని నేను మాట్లాడుకుంట గానీ నువ్వు తిను," అని అమ్మే వాడి ముందు కంచం పెట్టింది. సాయంత్రానికి నాకోసం దాచమన్న గుడ్డు కూడా వాడే మింగి, నా జడ లాగి పోయాడు. దొంగ వెధవ. ఆ గుడ్డు మీద నాకు ఎంత కోపమొచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

ఉప్పల్ అంటే లోకానికి క్రికెట్. స్టేడియంలో మ్యాచ్ ఉందంటే మా బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కానీ నాచారం ఫ్యాక్టరీల వెనక మా కాలేజీ గ్రౌండ్ గోడ మీద కూర్చునేవాళ్ళకు ఫుట్‌బాల్ తప్ప ఇంకో ఆట కంటికి ఆనదు. షిఫ్టు దిగి, టిఫిన్ డబ్బాలు చేతిలో ఉండగానే గోడెక్కేస్తారు. వాళ్ళ పేరే గోడ బ్యాచ్. ఫ్లెక్సీల షాపు మహిపాల్ కాక వాళ్ళకు లీడర్. మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసే మా డాడీ అబ్రహాం వాళ్ళలో సీనియర్. చర్చిలో మా డాడీ కునికిపాట్లు పడటం చూశాను గానీ గోడ మీద ఎప్పుడూ చూడలేదు.

సార్ రాకముందు ఆ గ్రౌండ్‌లో తుమ్మచెట్లూ పందులూ ఉండేవట. ఆయన వచ్చాక కప్పులొచ్చాయి, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలొచ్చాయి. అబద్ధమెందుకు చెప్పాలి, మా బస్తీలో చాలా ఇళ్ళు ఆయన పేరు చెప్పుకుని అన్నం తింటున్నాయి.

ఆయనదొక పద్ధతి ఉండేది. ఆటలో ఎవరైనా పడితే ఎవ్వరూ లోపలికి పోకూడదు. "లేపకుర్రి. ఆడే లేస్తడు," అనేవారు. అప్పుడు గోడ బ్యాచ్ చప్పట్లు మొదలుపెట్టేది. మెల్లగా, అందరివీ ఒక్కసారే పడేలా. పడ్డవాడు లేచేదాకా ఆపరు. వాడు మోకాళ్ళ మీద నిలబడి, ఆ తర్వాత కాళ్ళ మీద నిలబడితే ఇక చూడండి, ఆ అరుపులు మౌలాలి గుట్ట దాకా వినపడాల్సిందే. ఆ చప్పట్లంటే పక్క కాలేజీల పిల్లలకు వణుకు. మా పిల్లలకు గర్వం.

ఆ ఫైనల్లో, హాఫ్ టైం అయిన కాసేపటికి టిమోతి పడ్డాడు. ఎవరూ తగల్లేదు, బంతి కూడా దగ్గర్లో లేదు. గోడ చప్పట్లు కొట్టింది. అమ్మా నేనూ గేటు దగ్గర నిలబడ్డాం; హాఫ్ టైంలో వాడు సార్‌తో ఏదో అనడం అక్కణ్ణుంచే చూశాం. వాడు లేవలేదు. చప్పట్లు గట్టిపడ్డాయి. అమ్మ కూడా కొట్టింది, వాడికి వినపడాలని చేతులు పైకెత్తి మరీ కొట్టింది. చివరికి బయటి నుంచి వచ్చిన రిఫరీ, ఈ పద్ధతేదీ తెలియని మనిషి, ఉరికాడు. దవాఖానాలో ఒంట్లో జ్వరముందనీ, ఆ ఎండలో ఆడటంతో గుండె ఆగిందనీ, ఇంకాస్త ముందు తీసుకొస్తే చూసేవాళ్ళమనీ చెప్పారు.

ఆ ఆఖరి మాటను మోయడం గోడ బ్యాచ్ వల్ల కాలేదు. తమ చప్పట్లను ఏం చేసుకోవాలో వాళ్ళకు తెలియలేదు. ఎవరో అన్నారు, శుక్రవారం కదా, వాళ్ళింట్లో ఉపవాసం కదా అని. అంతే. సమాధి మీద మట్టి ఆరకముందే బస్తీ మొత్తం ఆ మాట పట్టుకుంది. తల్లి భక్తి పిల్లగాణ్ణి తినేసిందన్నారు. మొహం మీదే అనేవాళ్ళు తక్కువ. నల్లా దగ్గర అమ్మ రాగానే మాటలు ఆగిపోయేవి. చర్చిలో పాటకు అందరూ చప్పట్లు కొడితే అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం అప్పుడే మొదలైంది.

అదంతా అమ్మ భరించింది. భరించలేకపోయింది డాడీని. ఆ రోజు ఆయన నైట్ షిఫ్టు నుంచి ఇంటికి రాకుండా నేరుగా గోడెక్కాడు, కొడుకు తినడం చూడలేదు. గొడవపడడు, తిట్టడు. శ్రమదినాలు వచ్చాయంటే మాత్రం అన్నం ముందు కూర్చుని అమ్మను పేరు పెట్టి అడుగుతాడు: "దానా, నిజం జెప్పు. తిన్నడా ఆడు?"

"తిన్నడు," అంటుంది అమ్మ.

ఆయన తల ఊపి, సగం కంచంలోనే చెయ్యి కడుక్కుంటాడు. నేను చెబితే "మీ అమ్మ నేర్పింది" అంటాడు. ఆరేళ్ళుగా మా ఇంట్లో ఇదే తంతు. డాడీ ఒక్క ఉమామహేశ్వర్ సార్ మాటే నమ్ముతాడు. సార్ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఫ్లెక్సీ సంగతి చెప్పగానే అమ్మ చేస్తున్న పని ఆపేసింది. "సార్ పోతుండా? పోతే ఇంగ జెప్పేటోడు ఎవ్వడున్నడు?" అంది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కాలేజీకి నడిచింది.

సార్ స్పోర్ట్స్ రూములో కప్పుల్ని పేపర్లలో చుట్టి అట్టపెట్టెల్లో సర్దిస్తున్నారు. మమ్మల్ని చూడగానే అక్కడున్న వాళ్ళను బయటికి పంపేశారు. అమ్మకు కుర్చీ వేశారు. అమ్మ కూర్చోలేదు.

"సార్, ఆ పొద్దు హాఫ్ టైంల మా పిల్లగాడు మీతోని ఏమన్నడు?"

ఆయన చేతిలో ఉన్న కప్పును పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టారు.

"తల తిరుగుతుంది, తీసెయ్యుర్రి సార్ అన్నడమ్మా. ఉపాసమున్నవారా అని అడిగిన. లే సార్, అన్నం తిన్న, గుడ్డు గూడ తిన్న అన్నడు. అయితే ఏం గాదు, జరసేపు ఆడు, గోల్ గొట్టినంక తీసేస్త అన్న." ఆయన పెట్టె మూత మూశారు. "ఆడు నవ్విండమ్మా. సరే సార్ అని పోయిండు."

నేనైతే ఆ అట్టపెట్టెలన్నీ తన్నేసేదాన్ని. అమ్మ మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని చిన్నగా అడిగింది.

"మీరు ఆడించిన ముచ్చట మీ ఇష్టం సార్. జెప్తరో జెప్పరో. రేపు మైకుల ఒక్క మాట జెప్పుర్రి సాలు. ఆడు తినొచ్చిండని. మా ఆయన ముందట ఉంటడు. మీరు జెప్తే ఇంటడు."

"జెప్తనమ్మా. మొత్తం జెప్త," అన్నారు సార్. "ఇంత భారం నేను హన్మకొండకు మోసుకపోలేను."

తిరిగొచ్చేటప్పుడు అమ్మ దారిలో మల్లెపూలు కొంది. నా జడలో పెట్టి, మిగిలింది తన కొప్పులో పెట్టుకుంది. అమ్మ పూలు పెట్టుకోవడం నేను చూసి ఎన్నాళ్ళో అయింది.

వీడ్కోలు సభ గ్రౌండ్‌లోనే. షామియానా, బ్యాండు, స్టేజీ మీద శాలువాల గుట్ట. గోడ మీద ఖాళీ లేదు. డాడీ క్రిస్మస్‌కు కుట్టించుకున్న తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. గోడెక్కబోతుంటే మహిపాల్ కాక పట్టుకుని, "అన్నా, ఇయ్యాల నువ్వు వీరుని తండ్రివి," అంటూ తీసుకొచ్చి ముందు వరసలో అమ్మ పక్కన కూర్చోబెట్టాడు.

ఒక్కొక్కరూ మైకు పట్టుకున్నారు. సార్ చెప్పులు లేని పిల్లలకు బూట్లు కొనిపెట్టారన్నారు. సార్ లేకపోతే నేను తాగి రోడ్డు మీద పడుండేవాణ్ణన్నాడొకడు. టిమోతితో కలిసి ఆడిన విక్రమ్, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, సార్ కాళ్ళకు మొక్కి ఏడ్చాడు. అందరివీ నిజమైన ఏడుపులే. వింటుంటే నాకే ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చి, నా మీద నాకే అసహ్యం వేసింది.

చివరికి సార్ లేచారు. గోడ మీద అలికిడి ఆగిపోయింది.

"మీరందరు మంచే జెప్పిన్రు," అన్నారు. "నేను ఒక్కటి జెప్పాలె. టిమోతి సంగతి." అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆ పొద్దు హాఫ్ టైంల టిమోతి నా దగ్గరికొచ్చిండు. వొచ్చి నాతోని... నాతోని..."

మాట ఆగిపోయింది. సార్ రెండు చేతులూ టేబుల్ మీద ఆనించి ముందుకు వంగిపోయారు. తల కిందికి వాలిపోయింది. భుజాలు అదురుతున్నాయి.

గోడ మీద ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత అందరూ, మెల్లగా, ఒక్కసారే పడేలా. పడ్డవాడు లేవాలి కదా మరి. ప్రేమతోనే కొట్టారు. సార్ ఏదో అంటున్నారు, పెదాలు కదులుతున్నాయి. మైకులో చప్పట్లే తిరిగి వినపడుతున్నాయి.

పక్కన డాడీ చేతులు కూడా లేచాయి. అమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆగు! సార్ ఏదో జెప్తుండు, ఇను!"

"లేవనియ్యవే ఆయన్ని," అని డాడీ చెయ్యి విడిపించుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా కొట్టాడు.

సార్ మెల్లగా నిటారుగా నిలబడ్డారు. గోడ ఒక్కసారి అరిచింది. ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ తల ఊపింది, చెప్పమన్నట్టు. ఆయనకు ఇంకా టైముంది. మైకు చేతిలోనే ఉంది. ఒక్క మాట, తిన్నాడు అనే ఒక్క మాట.

"టిమోతి... నా బిడ్డ లెక్క," అన్నారు సార్. "గంతే. నేను మాట్లాడలేను."

బ్యాండు మొదలైంది. ఆ చప్పట్లు ఆయనకు గొడుగు పట్టాయి, ఆయన దాని కిందికి దూరిపోయారు. పాపం అనాలో, పిరికివాడనాలో ఇవాళ్టికీ నాకు తేలలేదు. చాలాసార్లు పిరికివాడనే అంటాను.

నేను స్టేజీ మీదికి ఉరికాను. మహిపాల్ కాక మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"కాకా, జరుగు! మా అన్న తినే వొచ్చిండు! సార్‌కు ఎర్కే!"

"బిడ్డా, సార్‌ను ఇంక ఏడిపియ్యకు," అంటూ నా తల నిమిరాడు. అతని కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. నేను అరుస్తూనే ఉన్నాను. డప్పుల్లో నా అరుపు నాకే వినపడలేదు. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చి కూర్చోబెట్టారు.

ఇంటికొచ్చేదాకా డాడీ ఏడుస్తూనే ఉన్నాడు. అమ్మ కంచం పెట్టింది. ఆయన అన్నం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"సూసినవా దానా. ఆడు ఆకలితోని ఆడిన ముచ్చట యాదికొచ్చి సార్‌కు నోట్లెకెళ్ళి మాటనే రాలే." శ్రమదినాలు కాకపోయినా అడిగాడు. "ఇగ సార్ గూడ పోతుండు. ఇప్పుడన్న నిజం జెప్పు. తిన్నడా ఆడు?"

అమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. కొప్పులో పూలు వాడిపోయి వేలాడుతున్నాయి.

"తినలే," అంది. "నేనే పెట్టలే."

"అమ్మా!" అని అరిచాను. అమ్మ నా వైపు తిరక్కుండానే చెయ్యెత్తి ఆపింది.

డాడీ భుజాలు దిగిపోయాయి. ఏళ్ళ తరబడి బిగబట్టిన ఊపిరి వదిలాడు. అమ్మ తల మీద చెయ్యి పెట్టాడు.

"గీ మాట ముందే జెప్తే అయిపోతుండె గదనే. దేవుడు మన్నిస్తడు. నేను గూడ మన్నించిన."

అప్పుడు అన్నం కలుపుకుని తిన్నాడు. మొత్తం తిన్నాడు. రెండోసారి అడిగితే, అమ్మ పెట్టింది.