ఆల్స్టన్ మడుగుకు దారి

సముద్రం ఒడ్డున ఉన్న మనాటీ పాయింట్ అనే చిన్న ఊళ్ళో ఎవరినైనా దారి అడిగి చూడండి, ఉన్నవాటి పేరు ఒక్కటీ చెప్పరు. లేనివే చెబుతారు. ఇరవై ఏళ్ళ కిందట కూలిన సీమపనస చెట్టు దగ్గర కుడికి తిరగాలి. ఎప్పుడో మూతపడ్డ రొట్టెల కొట్టు దాటాలి. ఐసు ఫ్యాక్టరీ ఉండిన చోట సముద్రం వైపు దిగాలి. ఇంత చేసీ ఆ దారిన పోయినవాళ్ళు ఒక్కరూ తప్పిపోలేదు. నలుగురినీ అడుక్కుంటూ పోతారు గనక, చేరేసరికి సగం ఊరితో పరిచయం కూడా అయిపోతుంది.

మిస్ వెర్నిస్ తన ఇంట్లో మూడు గదులు అతిథులకు అద్దెకిస్తుంది. పెళ్ళయినా కాకపోయినా పెద్దావిడలను ఈ ఊళ్ళో మిస్ అనే పిలుస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. వచ్చిన ప్రతివాళ్ళకీ పాత క్యాలెండరు కాగితం వెనకవైపు ఊరి పటం గీసి, ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలో రాసి ఇస్తుంది. కారు అక్కర్లేదు, సైకిలూ అక్కర్లేదు. ఏది అడిగినా "నడిస్తే ఐదు నిమిషాలు" అంటుంది. గంట పట్టిందండీ అని ఎవరైనా మొరపెట్టుకుంటే, నడిచింది ఐదు నిమిషాలే, మిగతాదంతా మీరు వాకిళ్ళ దగ్గర నిలబడి మాట్లాడిందని కొట్టిపారేస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఈ ఊళ్ళో ఒక వాకిలి ముందునుంచి పలకరించకుండా వెళ్ళడమంటే ఆ ఇంటివాళ్ళతో తగువు పెట్టుకోవడమే.

పటంలో అన్నిటికన్నా చివర, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల, అంటే పాయింటుకు అవతలి పక్క, ఒక గుండ్రటి గీత ఉంటుంది. దాని పక్కన "ఆల్స్టన్ మడుగు" అని రాసి ఉంటుంది.

ఆల్స్టన్ ఆమె భర్త. రోజూ తెల్లవారుజామునే వల భుజాన వేసుకుని అటు వెళ్ళేవాడు. చుట్టూ నల్లరాళ్ళు, మధ్యలో నడుం లోతు నీళ్ళు, అల తాకదు, అడుగున చేపపిల్లలు కూడా కనిపిస్తాయి, ఒక్కసారి వచ్చి చూడు వెర్నిస్ అని బతిమాలేవాడు. రేపు వస్తానులే, గదులు సర్దాలి అనేది ఈవిడ. అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి. తొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, అన్నం తిని అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు.

అప్పటినుంచి అతిథులకు పటం ఇచ్చేటప్పుడల్లా ఆమె ఈ కథంతా చెబుతుంది. వాళ్ళు వెళ్ళి వచ్చి, గుమ్మం పక్కనున్న పుస్తకంలో మడుగు ఎంత బావుందో రాస్తారు. ఆ రాతలు చదువుకుని ఆమె కళ్ళు తుడుచుకుంటుంది. తను మాత్రం వెళ్ళలేదు. తీరిక లేదని అందరికీ చెప్పేది, కానీ అసలు సంగతి అది కాదు. ఆయన పిలిచినన్నాళ్ళూ వెళ్ళని మనిషి, ఆయన లేనప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళుతుంది?

ఈ ఏడాది మోకాళ్ళు మొరాయించాయి. వచ్చే ఏడాదికి ఇసకలో అంత దూరం నడవగలదన్న నమ్మకం లేదు. వెళ్ళాలంటే ఇప్పుడే వెళ్ళాలి, లేకపోతే ఇక లేదు. అందుకని ఒక సోమవారం పొద్దున, తను సెలవు తీసుకుంటున్నానని ప్రకటించింది.

"సెలవా? నువ్వా?" ఆడపడుచు ఒటీలీ ముక్కున వేలేసుకుంది. ఒటీలీ ఆల్స్టన్‌కు చెల్లెలు, పక్కింట్లోనే ఉంటుంది. "ఏ ఊరొదినా? పనామానా?"

"మిస్ ఫీమీ వాళ్ళ గది తీసుకున్నా. నల్లయిసుక ఒడ్డున."

"ఫీమీ ఇల్లా? ఇక్కణ్ణించి కేకేస్తే పలుకుతుంది! దానికి పెట్టె సర్దుతున్నావా?"

"అతిథులు పెట్టెల్తోనే వస్తారు. నేనూ అతిథినే. వారం రోజులు ఈ ఇల్లు నీది. తాళాలు, దుప్పట్లు, వాళ్ళ ఫిర్యాదులు, అన్నీ నీవే. నన్ను మాత్రం పిలవకు."

"వారమంతా ఏం చేస్తావు మరి?"

వెర్నిస్ క్యాలెండరు కాగితం తీసి ముందుపెట్టింది. అతిథులకు గీసినట్టే తనకు తానే పటం గీసుకుంది. సోమవారం విశ్రాంతి. మంగళవారం ఫీమీ అరుగు మీద విశ్రాంతి. బుధవారం పొద్దున్నే, గుండ్రటి గీత. పెట్టెలో అడుగున నీలం ఈతబట్టలు కూడా ఉన్నాయి, లిమోన్ పట్నం బజారులో కొన్నవి. అరవై ఏడేళ్ళ వయసులో మొదటి జత. ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆ గీత చూసి ఒటీలీ నవ్వు ఆపేసింది.

"మడుక్కా? ఇప్పుడెందుకొదినా? అటేపు రాళ్ళు జారుడు. నీ మోకాళ్ళతో వద్దు. ఫీమీ ఇంటిముందు సముద్రం లేదా ఏంటి?"

"మీ అన్న పిలిచింది ఫీమీ ఇంటిముందుకి కాదు."

ఒటీలీ దుప్పట్లు మడతపెట్టే నెపంతో లోపలికి పోయింది.

ఎక్కడికైనా కాలినడకన వెళ్ళిపోగలిగే ఊళ్ళో ఒక చిక్కుంది. మీరు ఎక్కడున్నా మీ దగ్గరికీ అందరూ కాలినడకనే రాగలరు. ఈ సంగతి ముప్ఫై ఒక్క ఏళ్ళలో వెర్నిస్‌కు తట్టలేదు. సోమవారం సాయంత్రానికే కుళాయిలు బాగుచేసే ఎగ్బర్ట్, పానా పట్టుకుని ఫీమీ అరుగెక్కాడు.

"మిస్ వెర్నిస్, మీ రెండోగది కుళాయి కారుతోంది. వాషర్లు ఎక్కడ పెట్టారు?"

"నేను సెలవులో ఉన్నాను ఎగ్బర్ట్."

"తెలుసండీ, ఒటీలీ చెప్పింది. ఊరు దాటారేమో అనుకుని భయపడ్డా, ఇక్కడే ఉన్నారుగా. వాషర్లు?"

"అల్మారాలో, పంచదార డబ్బా వెనక."

మంగళవారం ఏడుగురు వచ్చారు. చర్చి పాటలవాళ్ళు వచ్చారు, అల్లం అరువడగడానికి ఒకావిడ వచ్చింది. సెలవెలా ఉందో చూద్దామని వచ్చిన ఇద్దరైతే ఫీమీ వండిన కొబ్బరిపాల అన్నం తినేదాకా కదల్లేదు. ఆ రాత్రి వెర్నిస్ తన ఇంట్లోకన్నా ఎక్కువ అలసిపోయి పడుకుంది.

బుధవారం ఎవరూ లేవకముందే బయల్దేరింది. ఈతబట్టల మీద పూలగౌను వేసుకుంది. వాకిళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి, పలకరించాల్సిన పీడ లేదు. చేతిలో పటం ఉన్నా చూడలేదు. సీమపనస చెట్టు లేని చోట కుడికి తిరిగింది. ఆ చెట్టు కింద అమ్మ వేపుడు ముక్కలు అమ్మేది. రొట్టెల కొట్టున్న చోట ఇప్పుడు అలల మీద ఆడుకునే చెక్కలు అద్దెకిస్తున్నారు, అయినా ఆమె ముక్కుకు రొట్టె వాసనే తగిలింది. ఐసు ఫ్యాక్టరీ ఉండిన చోట సముద్రం వైపు దిగి, పాయింటు చుట్టూ మెల్లగా, ప్రతి అడుగూ చూసుకుంటూ నడిచింది. గుండె మాత్రం పదహారేళ్ళ పిల్లకు కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. వస్తున్నానయ్యా, ఇదిగో వచ్చేశా అనుకుంది.

నల్లరాళ్ళు ఆల్స్టన్ చెప్పినట్టే గుండ్రంగా ఉన్నాయి. మధ్యలో ఇసక ఉంది.

నీళ్ళు లేవు. చుక్క కూడా లేదు. రాళ్ళ అంచులదాకా ఇసక పూడుకుపోయి, దాని మీద ఊదాపూల తీగ పాకి, ఏళ్ళ తరబడి అలాగే ఉన్నట్టుంది. ఒక రాతికి వీపు ఆనించుకుని ఒకావిడ కూర్చుని ఉంది. వెర్నిస్ ఇంట్లో మూడోగదిలో దిగిన మారిసేలా, కర్తాగో అనే ఊళ్ళో బడిపంతులమ్మ. ఒళ్ళో క్యాలెండరు కాగితం ఉంది. వెర్నిస్‌ను చూసి దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు లేచి నిలబడింది.

"మడుగు ఏదమ్మా?" అంది వెర్నిస్.

"ఇదేనండీ." మారిసేలా తల దించుకుంది. "పూడిపోయి ఐదారేళ్ళయిందట. ఒకసారి పెద్ద అలలొచ్చాయట, అక్కడ వల వేసుకునేవాళ్ళు చెప్పారు."

"మొన్న పుస్తకంలో రాశావు కదా? నీళ్ళు అద్దంలా ఉన్నాయని రాశావు. నేను చదివాను!"

"రాశాను. ముందు నేనే దారి తప్పాననుకున్నా. తిరిగొచ్చి చెబుదామనే పుస్తకం తెరిచా. చూస్తే ముందువాళ్ళందరూ బావుందనే రాశారు. మీరేమో పటం ఇస్తూ మిస్టర్ ఆల్స్టన్ గురించి చెప్పారు, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నారు. ఎలా చెప్పమంటారండీ? నావల్ల కాలేదు."

వెర్నిస్‌కు మొదట ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు, ఇంతమంది, తన ఇంట్లో తిని తన పుస్తకంలోనే అబద్ధాలు రాస్తారా? నోటికొచ్చినట్టు తిట్టబోయింది, కానీ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. ఆయన పిలిచినప్పుడు నీళ్ళున్నాయి, తనే రాలేదు. మడుగు తనకోసం చూసి చూసి పూడిపోయిందన్నంత బాధ కలిగింది. మారిసేలా పక్కన కూర్చుంది, ఓదార్చే మాటలేమీ చెప్పలేదు. అదే మంచిదైంది.

కాసేపటికి ఏడుపు తగ్గింది. చెయ్యి ఊరికే ఉండక ఇసకను కెలుకుతోంది. వేళ్ళకు తడి తగిలింది. వెర్నిస్ ఆగి, ఇంకొంచెం తవ్వింది. మారిసేలా లేచి వెళ్ళి, ఒడ్డున పడున్న కొబ్బరి చిప్పలు రెండు తెచ్చి ఒకటి ఆమెకిచ్చింది. ఇద్దరూ పిల్లల్లా మోకాళ్ళ మీద కూర్చుని తవ్వారు. మోచేతి లోతుకు వెళ్ళేసరికి అడుగునుంచి నీళ్ళు ఊరాయి. మొదట మురికిగా వచ్చి, నెమ్మదిగా తేటపడ్డాయి. వెర్నిస్ చెప్పులు విడిచి, ఆ గుంతలో రెండు కాళ్ళూ పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు చీలమండలదాకా వచ్చాయి.

"చూశావా, వచ్చాను" అంది పైకే. మారిసేలా సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

ఫీమీ ఇంట్లో ఇంకా నాలుగు రోజుల సెలవు మిగిలే ఉంది. అయినా మధ్యాహ్నానికి వెర్నిస్ పెట్టె పట్టుకుని సొంత ఇంటి అరుగెక్కింది. ఒటీలీ చిక్కుడుగింజలు ఏరుతోంది. తలెత్తి చూసి, చేతిలో గింజలు పళ్ళెంలో వదిలేసింది.

"వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఎలా ఉందొదినా?"

"బావుంది" అంది వెర్నిస్. "నీళ్ళు వెచ్చగా ఉన్నాయి."

ఒటీలీ ఆమె పొడి జుట్టు చూసింది. ఇసక అంటిన గౌను అంచు చూసింది. గోళ్ళలో ఇరుక్కున్న మట్టి చూసింది.

"అవును, అందరూ అలాగే అంటారు" అంది మెల్లగా.

ఒటీలీకి మొదట్నుంచీ తెలుసునని వెర్నిస్‌కు అప్పుడర్థమైంది. ఊరంతటికీ తెలుసు. ఊదాపూల తీగ పాకిన నాటినుంచీ తెలుసు. పొద్దున్నే పలకరించే ఎగ్బర్ట్‌కూ తెలుసు, ఫీమీకీ తెలుసు. నిమిషం పాటు నోరు విప్పకుండా ఉండలేని ఊరు, తన దగ్గర ఈ ఒక్క మాటా ఐదారేళ్ళు దాచింది. వెర్నిస్ పెట్టె పక్కనపెట్టి ఆడపడుచు పక్కన కూర్చుని, తనూ గుప్పెడు గింజలు అందుకుంది.

"శుక్రవారం కొత్తవాళ్ళొస్తున్నారు" అంది ఒటీలీ. "పటం గీయాలిగా. ఆ చివరి గుండ్రం... తీసేస్తావా?"

వెర్నిస్ గోడమీది క్యాలెండరునుంచి పోయిన నెల కాగితం చింపింది. సీమపనస చెట్టు వేసింది, రొట్టెల కొట్టు వేసింది, ఐసు ఫ్యాక్టరీ వేసింది. పాయింటుకు అవతల, ఎప్పుడూ వేసేచోటే, గుండ్రంగా గీసి ఆల్స్టన్ మడుగు అని రాసింది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని దాని కింద ఇంకో వాక్యం చేర్చింది.

"వెళ్ళేటప్పుడు ఒక కొబ్బరి చిప్ప తీసుకెళ్ళండి, మోచెయ్యి లోతు తవ్వాలి."