బొటనవేలంత ఖాళీ

ముప్పై ఏళ్లుగా చెప్పుల షాపులో పనిచేస్తున్న మనిషికి కన్నకూతురి కాలికి బూట్లు కొనడం చేతకాలేదంటే నలుగురూ ముక్కున వేలేసుకోరూ? మన సేల్స్‌మాన్‌గారికి సరిగ్గా అదే జరిగింది.

షాపులో ఆయన్ని అందరూ బొటనవేలాయన అంటారు. ఎవరు బూటు తొడుక్కున్నా ముందు వంగి, దాని కొస మీద బొటనవేలితో నొక్కి చూస్తాడు. లోపల వేలంత ఖాళీ ఉంటే సరే, లేకపోతే కొనేవాళ్లు కాళ్లావేళ్లా పడ్డా అమ్మడు. నిచ్చెనెక్కి పై సైజు తెస్తాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన అమ్మిన బూట్లు కరిచాయని తిరిగొచ్చినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఆయన కూతురికి పదహారేళ్లు. రెండేళ్లుగా గోడలెక్కుతోంది. దొంగతనానికి కాదు లెండి. ఊళ్లో క్లైంబింగ్ హాలు ఒకటుంది. అందులో రాళ్లలాంటి పట్లు బిగించిన ఎత్తైన గోడ మీద, కొండలెక్కాలనుకునేవాళ్లు సాధన చేస్తుంటారు. నిరుడు జట్టు ఎంపికలో, హాలువాళ్లు అద్దెకిచ్చిన సాగిపోయిన బూట్లతో ఎక్కి, పైనుంచి మూడో పట్టు దగ్గర పిల్ల కాలు జారింది. ఆ పట్టు బఠాణీ గింజకంటే కాస్త పెద్దది, అంతే. తాడుంది కాబట్టి దెబ్బ తగల్లేదు గానీ, జట్టులో చోటు పోయింది. ఈ ఏడు ఎంపిక శనివారం సాయంత్రం ఐదింటికి. ఈసారీ జారితే మళ్లీ ఏడాది ఆగాలి.

అందుకే తండ్రి చెప్పాపెట్టకుండా కొండలెక్కే సామాన్ల షాపుకు వెళ్లి, డిస్కౌంటులో ఒక జత తెచ్చాడు. కూతురి సైజు ఆయనకు తెలియదా ఏం? అలవాటు కొద్దీ ఒక సైజు పెంచి మరీ తెచ్చాడు. పిల్ల భలే ఉన్నాయంటూ ఎగిరి గంతేసింది.

శనివారం భోజనాలయ్యాక భార్య అసలు సంగతి బయటపెట్టింది. పిల్ల ఇంట్లో తలుపు చట్రం పట్టుకుని, గడప అంచు మీద కొనవేళ్లతో నిలబడి చూసుకుంటే, బూటులో కాలు గిర్రున తిరుగుతోందట.

"మీ మొహం చూసి చెప్పలేకపోతోందండీ," అంది.

ఆయన చటుక్కున లేచాడు. కూతుర్ని పిలిచి అడిగాడు. అది నేలచూపులు చూస్తూ, ఈ బూట్లు కాలికి అతుక్కుని ఉండాలని, ఖాళీ ఉంటే కొస మీద బరువు ఆగదని చెప్పింది. ముప్పై ఏళ్లుగా నమ్మిన మాట తలకిందులైపోయింది. కోపం రావాలి నిజానికి, రాలేదు. గడియారం చూస్తే రెండు. బూట్లు గడప దాటలేదు, షాపువాళ్లు మారుస్తారు. పద పదమంటూ పిల్లను బండెక్కించాడు.

షాపులో అమ్మకాలమ్మాయి చిలకముక్కులా వంపు తిరిగిన జత తెచ్చి పెట్టింది. పోటీలకు వెళ్లేవాళ్లంతా ఇవే కొంటారంది. ఆ ధరకు ఇంటిల్లిపాదికీ మూడేళ్లు చెప్పులొస్తాయి. పిల్ల తొడుక్కుని, బాగున్నాయంది. మొహాలు అబద్ధాలాడతాయని బొటనవేలాయనకు తెలుసు, అందుకే కాళ్లు చూస్తాడు. వేళ్ల మీద బరువు పడకుండా పిల్ల మడమల మీద ఊగుతోంది. దానికి బొటనవేలికంటే రెండో వేలు పొడుగు, అచ్చం నానమ్మ పోలిక. ఆ వంపులో ఆ వేలు నలిగిపోతోంది.

ఆయన చూపు అడుగు అరలోకి పోయింది. అక్కడ చదునైన, లేసులున్న జత ఉంది. తను మొదట కొన్నవాటికంటే కూడా చవక. అవి కొత్తగా నేర్చుకునేవాళ్లకని అమ్మాయి అడ్డుపడింది.

"కాలికి ధర తెలియదమ్మా," అన్నాడు.

నేల మీద చతికిలబడి, కూతురి పాదం మోకాలి మీద పెట్టుకుని లేసులు బిగించాడు. మడమ దగ్గర గాలి దూరే సందు లేదు. బొటనవేలు దానంతటదే వెళ్లి కొస మీద నొక్కింది. ఖాళీ బొత్తిగా లేదు. పై సైజు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, దాన్ని కష్టం మీద మింగాడు.

"నొప్పా, బిగుతా? నిజం చెప్పు."

పిల్ల షాపు మూలనున్న నమూనా గోడ మీద ఒక చిన్న పట్టుకు కాలి కొస ఆనించి లేచి నిలబడింది. దాని మొహం వెలిగిపోయింది.

"బిగుతే నాన్నా, నొప్పి లేదు. వేలు ఎక్కడుందో తెలుస్తోంది!"

ఐదింటికి హాల్లో తండ్రి గోడ కింద నిలబడ్డాడు. పిల్ల చకచకా ఎక్కింది. పైనుంచి మూడో పట్టు వచ్చింది. పిల్ల దాని మీద కాలి కొస ఆనించి ఆగింది. కింద ఆయన తన బూట్లలో వేళ్లు ముడుచుకున్నాడు. పిల్ల ఆ బఠాణీ గింజ మీద ఒంటికాలితో లేచి, పై పట్టు అందుకుంది. ఆ తర్వాత రెండంటే రెండు అంగలు, గోడ తలమీద చెయ్యి వేసింది! కోచ్ జట్టు కాగితం మీద దాని నంబరు రాసుకున్నాడు. ఆయనకు నేల మీద కాలు నిలవలేదు. పక్కనున్న ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని వాటేసుకున్నాడు.

పిల్ల దిగీ దిగగానే గోడ కింద పరిచిన పరుపు మీద కూలబడి, నవ్వుతూ కాళ్లు చాపింది.

"అబ్బా, ఎంత బిగుతో నాన్నా!"

ఆ మాట వింటే ముప్పై ఏళ్లుగా ఆయన కాళ్లు నిచ్చెన వైపు పరుగెత్తేవి. ఇప్పుడు కదల్లేదు. కూతురి పక్కన కూర్చుని, లేసులు విప్పి, ఎర్రబడిన వేళ్లు ఒక్కొక్కటే నిమిరాడు.

"ఉండనీ తల్లీ," అన్నాడు. "ఒక్క సైజు కూడా పెంచను."